అందించే నోళ్లు

రాహేలు వేలు రెండో వాక్యం మొదట్లోనే ఆగిపోయింది. ఆగీ ఆగకముందే వరండాలో ఉన్న ఆడవాళ్లు నలుగురూ ఒక్క గొంతుతో "సంతకు!" అన్నారు.

"సంతకు," అంది రాహేలు.

వేలు పక్క మాట మీదికి జరిగింది. ఆ మాట పొడుగ్గా ఉంది. పిల్ల తలెత్తింది.

"బయలుదేరింది!" అన్నారు నలుగురూ. అందరికంటే ముందు వినిపించింది కామాక్షి గొంతు.

"బయలుదేరింది," అంది రాహేలు.

మేక సంతకు బయలుదేరడానికి అంత సేపు పట్టింది. పేజీ సగానికి వచ్చేసరికి పిల్ల నోరు మూసుకుపోయింది. ఇక ఎవరు ఏం అందించినా తిరిగి అనలేదు. శ్యామలాంబగారు చేయి చాపి పుస్తకం తీసుకుని, మూసి, దులిపారు.

అది యూనివర్సిటీ ఆవరణలో, ప్రొఫెసర్ల బంగళాల వరుస చివర, మహిళా మండలి వారి పెంకుటింటి వరండా. వంటిల్లు కడుక్కున్న తర్వాత, సాయంత్రం కాఫీకి నీళ్లు పెట్టుకునేలోపు దొరికే ఖాళీని దేశానికిద్దామని మండలి ఆ మధ్య తీర్మానించింది. దేశం అంటే మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే గుప్పెడు మంది పిల్లలు. తోటమాలీల పిల్లలు, హాస్టలు వంటవాళ్ల పిల్లలు, రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలు. వాళ్ల చేత పుస్తకాలు చదివించి, చదవడమంటే భయం పోగొట్టాలి. ఆ వరండానే వాళ్లకు బడి. మండలికి అధ్యక్షురాలు శ్యామలాంబగారు. ఆవిడ భర్త బాటనీ ప్రొఫెసరు, తోటల కమిటీకి పెద్ద. ఆయన సంతకం లేనిదే మాలీలకు జీతం రాదనీ, ఈవిడ తల ఊపనిదే ఆయన సంతకం రాదనీ చెప్పుకునేవారు.

"చూశారుగా కామాక్షీ," అన్నారు శ్యామలాంబగారు. "వానాకాలం నుంచీ చెబుతున్నాం. ఒక్క ముక్క సొంతంగా రాదు. కొన్ని బుర్రలు అంతే, మట్టి. దాంట్లో మనం ఎన్ని విత్తనాలు వేస్తే మాత్రం ఏం లాభం?"

మట్టిలో కాకపోతే విత్తనాలు ఎక్కడేస్తారో బాటనీ వారి ఇల్లాలిని అడగాలనిపించింది కామాక్షికి. ఈలోగా ఆవిడ వరండా చివరికి వెళ్లి కేకేశారు.

"ఏమోయ్ దానియేలూ!"

రాహేలు తండ్రి దానియేలు క్రోటన్ల పాదులకు రబ్బరు పైపుతో నీళ్లు పెడుతున్నాడు. పైపు పట్టుకునే దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మాయి పురిటికొచ్చింది, కొడుకు పుట్టాడు. చంటాణ్ణి ఎత్తుకు తిప్పడానికి మనిషి కావాలి. సోమవారం నుంచి మీ పిల్లని మా ఇంటికి పంపు. తిండీ బట్టా మేమే చూసుకుంటాం. ఇక్కడ నోరు తెరుచుకుని కూచునే కంటే నయం కదూ?"

దానియేలు కూతురి వంక చూశాడు. ఆ పిల్ల చాప పుల్లలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది. పైపులో నీళ్లు ఆయన పాదాల మీద పడి, మట్టిని కోసుకుంటూ మెట్టు కిందికి పారుతున్నాయి. అది ఆయనకు తెలియడం లేదు.

"మీ దయ అమ్మా," అన్నాడు.

కామాక్షికి కోపం వస్తే ముందు చెవులు కాలుతాయి. ఇప్పుడు రెండూ కాలుతున్నాయి. పరీక్ష పెట్టింది ఈవిడే, తప్పించింది ఈవిడే, తప్పినదానికి ఉద్యోగం ఇస్తున్నదీ ఈవిడే. బేరం ఎంత శుభ్రంగా కుదిరిందో! ఇద్దరు లెక్చరర్ల భార్యలు మాత్రం "పాపం, మంచి ఇల్లు దొరికింది" అన్నట్టు మొహాలు పెట్టుకుని కూచున్నారు.

"శనివారం స్కూళ్ల ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వస్తున్నారు కదండీ," అంది కామాక్షి, గొంతు అణుచుకుంటూ. "ఆవిడ ముందు కొత్త పాఠం పెడదాం. ఒక పేజీ చదివితే?"

"చదివితే బళ్లోనే ఉంటుంది. నా మాట మాటే." శ్యామలాంబగారు నవ్వారు. "మీ పట్టుదల ముచ్చటగా ఉంది."

*

కామాక్షి వాళ్లది తార్నాక మెయిన్ రోడ్డు వెనక సందులో అద్దె ఇల్లు. సికిందరాబాదు బస్సు మలుపు తిరిగినప్పుడల్లా వాళ్ల వంటింటి గూట్లో గిన్నెలు మోగుతాయి. ఆ రాత్రి బస్సు రాకుండానే మోగాయి.

"ఎవరి మీద?" అన్నాడు భర్త రాజలింగం, కంచం ముందు కూచుని. గిన్నె కింద పెట్టిన చప్పుడును బట్టి కోపం ఎంతో ఆయనకు తెలుస్తుంది. ఎవరి మీదో మాత్రం అడగాల్సిందే.

"మీ ప్రొఫెసర్ పెండ్లాం మీద."

"నా ప్రొఫెసర్ గాదు. నాది కెమిస్ట్రీ. ఆయన చెట్ల మనిషి."

"చెట్ల మనిషి ఇంట్ల ఉండెటోళ్లకు మనుషులు గడ్డి లెక్క కనవడ్తరు. ఎనిమిదేండ్ల పొల్ల! పలక పట్టే చేతులకు ఉచ్చగుడ్డలు ఇస్తదట. మల్ల గది ఉపకారమట!"

"మరేం జేస్తవ్?"

"శనివారం దాంక టైమున్నది. పొల్లకు చదువు నేర్పిస్త. నాతోని గాకుంటే ఇంకెవరితోని ఐతది?"

రాజలింగం చారు కలుపుకున్నాడు. కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పకుండా అన్నం తినడం ఆయన పెళ్లయిన కొత్తలోనే నేర్చుకున్నాడు.

మర్నాడు కామాక్షి అందరికంటే ముందే వరండాకు చేరుకుంది. ఇంటి నుంచి చీపురుపుల్ల ఒకటి తెచ్చుకుంది, మాట మాటా చూపించడానికి. రాహేలును ఎదురుగా కూచోబెట్టుకుని పుస్తకం మధ్యలో పెట్టింది.

పిల్ల మొదలుపెట్టింది. ఆగింది. కామాక్షి అందించింది. పిల్ల అంది. మళ్లీ ఆగింది. కామాక్షి మళ్లీ అందించింది. ఆగడం ఎక్కువైంది, అందించడం తొందరైంది. ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తే చాలు, ఆ క్షణంలో శ్యామలాంబగారి చంటివాడి ఏడుపు వినిపిస్తోంది కామాక్షికి.

"పుస్తకంల చూడు. నా మొఖంల ఏమున్నది?"

రాహేలు పుస్తకంలో చూసింది. ఆగింది. తల మళ్లీ దానంతటదే లేచింది.

"చూడవేందే! నిన్న చెప్పిన మాటే గద! ఎవరి కోసం కొట్లాడుతున్న నేను? నోరు లేదా నీకు?"

పుల్ల పేజీ మీద గట్టిగా పడి విరిగింది. విరిగిన ముక్క ఎగిరి పిల్ల ఒళ్లో పడింది. రాహేలు ఏడవలేదు. ముక్కను తీసి చాప పక్కన పెట్టింది. పుస్తకం మూసి, అట్టను పావడా అంచుతో తుడిచి, రెండు చేతులతో కామాక్షికి అందించింది. పని మానేసి పోయేవాళ్లు తాళంచెవి ఇచ్చినట్టు ఇచ్చింది.

"నాకెందుకు? ఇంటికి తీస్కపో. ఇంట్ల చదువు," అంది కామాక్షి. మండలి పుస్తకాలు బస్తీకి పోకూడదని నియమం. కామాక్షి ఆ నియమాన్ని కూడా పిల్ల చంకలో పెట్టి పంపించింది.

గురువారం రాహేలు రాలేదు.

*

మాణికేశ్వర్ నగర్ దారి కామాక్షికి తెలుసు కానీ ఇల్లు తెలియదు. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లను అడిగితే, "మాలీ దానియేలా? గా రేకుల తడిక ఇల్లు," అన్నారు. తడిక దగ్గరికి వచ్చి పిలవబోయింది. లోపల్నుంచి ఎవరో చదువుతున్నారు.

"మేక... మెడల... గంట కట్టుకున్నది."

గొంతు రాహేలుదే. కానీ ఆ గొంతు ఇంత పెద్దదని కామాక్షికి ఇన్నాళ్లూ తెలియదు.

తడిక సందులోంచి చూసింది. నాయనమ్మ బుచ్చవ్వ కాళ్లు చాపుకుని చింతపండు కొడుతోంది. పండును రాతి మీద పెట్టి, చిన్న సుత్తెతో ఒక దెబ్బ వేసి, గింజను చిటికెన వేలితో ఎగరేసి, గుజ్జును చాటలో పడేస్తోంది. రాహేలు గోడకు వీపు ఆనించి, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుంది.

"గొర్రె... దాన్ని..."

ఆగింది. కామాక్షికి ఆ పేజీ కంఠతా వచ్చు. తర్వాతి మాట నాలుక చివరిదాకా వచ్చింది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల సుత్తె దెబ్బ పడింది. ఇంకొకటి. ఇంకొకటి. బుచ్చవ్వ తలెత్తలేదు. ఆ ముసలామె దగ్గర అందించడానికి ఏమీ లేదు. ఆమె దగ్గర ఉన్నదల్లా చింతపండు.

"గొర్రె దాన్ని... పిలిచి... వద్దన్నది," అంది రాహేలు.

"అనదా మరి? మేకకు అంగడెందుకే? కోస్తరని ఎరుకలేదా దానికి?"

"నువ్వు ఊకో అవ్వా. నేను చదువుతున్న గద."

"చదువు, చదువు. మల్ల?"

పిల్ల చదివింది. ఎద్దులబండి నడిచినట్టు చదివింది. రాయి అడ్డం వస్తే ఆగింది, వెనక్కి పోయింది, పక్కనుంచి వచ్చింది. ఒకచోట తప్పు చదివి, నాలుగు మాటలు పోయాక అర్థం కుదరక, తనే తిరిగొచ్చి దిద్దుకుంది. ఎవరూ శభాష్ అనలేదు. ఎవరూ అయ్యో అనలేదు. "మల్ల?" అంది బుచ్చవ్వ, అంతే.

కామాక్షి తడిక తోసుకుని లోపలికి అడుగు పెట్టింది.

చదువు ఆగిపోయింది. రాహేలు తలెత్తింది. ఆ కళ్లు కామాక్షి కళ్ల దాకా రాలేదు. ఆవిడ పెదాల దగ్గర ఆగాయి. వచ్చే మాట కోసం కాచుకుని ఉన్నాయి.

కామాక్షికి అక్కడే, ఆ చింతపండు వాసనలో, సంగతి తెలిసింది. వానాకాలం నుంచీ ఈ పిల్ల చదువుతున్నది పుస్తకం కాదు, నాలుగు నోళ్లు. తమ ఇళ్లలో పద్యం చదివేవారు తడబడితే పక్కవాళ్లు తర్వాతి మాట అందించడం మర్యాద. అందించనివారికి పద్యమైనా రాదు, లేదా మనసైనా మంచిది కాదు. ఆ మర్యాద అంతా మూటగట్టి తెచ్చి, తామంతా కలిసి ఈ పిల్ల నోట్లో కుక్కారు. పైగా నోరు లేదా అని తనే అడిగింది, పుల్ల విరిగేటట్టు కొట్టి మరీ. చెవులు మళ్లీ కాలాయి. ఈసారి ఆ మంట శ్యామలాంబగారి బంగళా దాకా పోలేదు. దారిలోనే ఆగి ఇక్కడే తగులుకుంది.

"టీచరమ్మా, జరసేపు ఆగి రావద్దా?" అంది బుచ్చవ్వ, సుత్తె కింద పెట్టి. "మేక అంగట్లకు వోయింది. ఇగ నిన్ను చూస్తె ఇది చదువదు. దాని సంగతి ఏమైందో నాకెట్ల ఎరుకైతది?"

"శనివారం నువ్వు గూడ వరండకు రావాలె బుచ్చవ్వా."

"నేనొచ్చి ఏం జేస్త బిడ్డా? నాకు అచ్చరం ముక్క రాదు."

"గందుకే రమ్మంటున్న."

అప్పుడే దానియేలు వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "మీకెందుకమ్మా గింత తిప్పలు. సోమారం దాన్ని ఆడ దింపి నేను పనికి పోత. ఆయమ్మ అడిగినాక..."

"అడిగితే పంపాల్నా? కాదను దానియేలూ! 'పంపనమ్మా' అను. ఒక్క మాట!"

"మాట ఒక్కటే అమ్మా." ఆయన నేల చూశాడు. "నౌకరి గూడ ఒక్కటే. గా మాటేదో మీరే అనున్రి. మీరంటే ఆయమ్మ ఇంటది."

*

శుక్రవారం మధ్యాహ్నం కామాక్షి పల్లీలు వేయించింది. పొట్టు చేతుల మధ్య నలిపి, చాటలో పెట్టి వాకిట్లో చెరిగింది. బెల్లం కొట్టింది. దెబ్బ కొంచెం ఎక్కువే పడింది, తునకలు గోడకు తగిలాయి. పాకం ఉడుకుతుంటే పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి చూసింది. ఉండకట్టింది. ఎప్పుడూ ఆవిడ అక్కడే దించుతుంది. దించలేదు. ఇంకో చుక్క వేసింది. దాన్ని తీసి పళ్లెం అంచుకు కొడితే టంగుమంది. అప్పుడు దించి పల్లీలు కలిపి, పీటకు నెయ్యి రాసి పరిచి, లోటా అడుగుతో ఒత్తింది. ముక్కలు పెద్దవిగా కోసింది.

కాలేజీ నుంచి వచ్చిన రాజలింగం ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, పేపరు మొదటి పేజీ చూసి, రెండో పేజీ తిప్పాక గానీ ఆయనకు మాట రాలేదు.

"పాకం ముదిరింది కామాక్షీ."

"ముదరాల్ననే."

"ఎవరి కోసం?"

"నోళ్ల కోసం," అంది కామాక్షి.

*

శనివారం వరండాలో కొత్త జంపఖానా పరిచారు. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు రిక్షా దిగి వచ్చారు. నెరిసిన జుట్టు, లావు కళ్లద్దాలు, చేతిలో గొడుగంత సంచి. శ్యామలాంబగారు ఆవిడను కుర్చీలో కూచోబెట్టి, తామంతా చుట్టూ కూచున్నారు. పిల్లలు వరసగా వచ్చి మేక పాఠం ఒప్పజెప్పారు. ఒకడు పేజీ తిప్పకుండానే రెండు పేజీలు చదివేశాడు. లెక్చరర్ల భార్యలు చప్పట్లు కొట్టారు.

"ఇక ఆ పిల్ల," అన్నారు శ్యామలాంబగారు. ఇన్‌స్పెక్ట్రెస్‌గారి వైపు కొంచెం వంగి, "మీరు చూడనవసరం లేదు గానీ, మా కామాక్షి పట్టుదల," అన్నారు.

"మొదలుపెట్టే ముందు అందరూ నోరు తీపి చేసుకోండి," అంది కామాక్షి పళ్లెం పట్టుకుని లేచి. "చిన్నపిల్ల, కొత్త పాఠం. శుభమా అని చదవబోతోంది."

శుభమా అన్నాక కాదనగలిగే ఆడది ఆ వరండాలో లేదు. శ్యామలాంబగారు పెద్ద ముక్క తీసుకున్నారు. లెక్చరర్ల భార్యలు తలా ఒకటి తీసుకున్నారు. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "నావి కట్టుడు పళ్లమ్మా," అని సంచిలో వేసుకున్నారు. అందరికంటే పెద్ద ముక్క కామాక్షి తన నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, రాహేలు వెనకగా, స్తంభం పక్కకు పోయి కూచుంది.

పిల్ల ఎదురుగా నేల మీద బుచ్చవ్వ చతికిలబడింది. రానని గొణిగి, వచ్చాక నీడ లేదని గొణిగి, ఇప్పుడు నోరు మూసుకుంది. మెట్ల కింద దానియేలు పైపు పట్టుకుని, నీళ్లు కట్టేసి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు పుస్తకం చివరి వైపుకు తిప్పి, ఎవరూ చదవని పేజీ ఒకటి తీశారు.

"పంతులుగారి... గొడుగు," చదివింది రాహేలు. "ఒక... ఊళ్ళో... ఒక పంతులుగారు. ఆయన..."

ఆగింది. శ్యామలాంబగారి నోరు కదిలింది. కదిలి అక్కడే ఉండిపోయింది. కింది పళ్లూ పై పళ్లూ బెల్లంలో దిగబడ్డాయి. లెక్చరర్ల భార్యల్లో ఒకామె ఏదో అనబోయి, దవడ పట్టుకుని, కళ్లతో మాత్రం అంది. స్తంభం పక్కన కామాక్షి గొంతులోకి మాట తన్నుకొచ్చింది. దాన్ని పల్లీలతో కలిపి నమిలింది.

రాహేలు తలెత్తి ఒక్కొక్క మొహమూ చూసింది. ఏ మొహంలోనూ మాట లేదు. దవడలు తిరుగుతున్నాయంతే. చివరికి చూపు బుచ్చవ్వ దగ్గరికి వచ్చింది.

"ఆ, పంతులు. మల్ల?" అంది బుచ్చవ్వ.

పిల్ల తల దించింది. వేలు వెనక్కి పోయి, మళ్లీ వచ్చింది.

"ఆయన గొడుగు... రిక్షాలో... మరిచిపోయారు."

"అయ్యో, మతిలేని పంతులు!"

వరండాలో నమిలే చప్పుడు. చెట్ల మీద పిచ్చుకలు. రాహేలు చదివింది. ఎద్దులబండి నడక నడిచింది. మధ్యలో ఒకచోట చాలాసేపు ఆగిపోయింది. అంతసేపు ఆగిన పిల్లను ఆ వరండా ఇదివరకు ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే చూడనివ్వలేదు. శ్యామలాంబగారు ఇదే అదనని ఇన్‌స్పెక్ట్రెస్‌గారి మోచేయి తాకి, "మ్మ్... మ్మ్," అన్నారు. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు ఆవిడ వైపు చూడకుండా వేలు పెదాల మీద పెట్టుకున్నారు. అప్పుడు మాట వచ్చింది. దాని వెనక మరొకటి వచ్చింది. పేజీ అయిపోయింది. రాహేలు ఎవరూ చెప్పకుండానే పేజీ తిప్పి, తర్వాతి వాక్యం కూడా చదివేసింది, గొడుగు ఏమైందో తెలుసుకోవాలని.

"చాలమ్మా," అన్నారు ఇన్‌స్పెక్ట్రెస్‌గారు. "నిదానంగా చదివింది. కానీ చదివింది." కళ్లద్దాలు తుడుచుకుంటూ మిగతా పిల్లల వంక చూశారు. "వీళ్లంతా బాగా అప్పజెప్పారు."

శ్యామలాంబగారికి మంచినీళ్లు తెచ్చారు. ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, చిటికెన వేలితో దవడ పళ్లు సర్దుకుని, చిరునవ్వు కూడా సర్దుకున్నారు.

"సంతోషం. నా మాట మాటే, బళ్లోనే ఉంటుంది. ఎవరు కాదన్నారు? బడి వేళకు బళ్లో ఉంటుంది, మిగతా పొద్దంతా మా ఇంట్లో ఉంటుంది. చంటాడు పడుకున్నప్పుడు చదువుకోమనండి." మెట్ల వైపు తిరిగారు. "విన్నావుగా దానియేలూ. సోమవారం బడి విడవగానే పంపు."

కామాక్షి నోట్లో బెల్లం కరిగిపోయింది. నోరు ఖాళీ అయింది, ఖాళీ కాగానే నిండిపోయింది. అనాల్సినవన్నీ ఉన్నాయి. చెట్ల మనిషి సంగతి, ఉచ్చగుడ్డల సంగతి, మాట మాటే అనే మాట సంగతి. లేచి నిలబడింది.

దానియేలు ఆవిడ వైపు చూశాడు. కళ్ల దాకా రాలేదు చూపు. పెదాల దగ్గర ఆగింది.

కామాక్షి నోరు మూసుకుంది.

అంత కష్టమైన పని ఆవిడ ఎన్నడూ చేయలేదు. దవడలు నొప్పి పుట్టాయి. స్తంభం పట్టుకుంది. పైపు చివర నిలిచిన నీటిచుక్క జారి పాదులో పడింది. దానియేలు కూతురి వంక చూశాడు. ఆ పిల్ల పుస్తకం మధ్యలో వేలు పెట్టుకుని, చదివిన చోటు పోకుండా, తండ్రినే చూస్తోంది.

"పంప," అన్నాడు దానియేలు.

"ఏమిటీ?"

"పిల్లను..." ఆగాడు. "పిల్లను పంపనమ్మా."

శ్యామలాంబగారి మొహంలో చిరునవ్వు అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టు. "ఆలోచించుకుని మాట్లాడు దానియేలూ. ఈ తోట ఎవరి చేతిలో ఉందో నీకు తెలియంది కాదు."

"సోంచాయించిన్నమ్మా." ఇప్పుడు గొంతు కొంచెం పెద్దదైంది. "మొన్నటిసంది గదే సోంచాయిస్తున్న. పంప."

శ్యామలాంబగారు ఏదో అనబోయి ఆగారు. చుట్టూ చూశారు. లెక్చరర్ల భార్యల వైపు, ఇన్‌స్పెక్ట్రెస్‌గారి వైపు, చివరికి కామాక్షి వైపు. అందరి నోళ్లూ ఖాళీగానే ఉన్నాయి. ఎవ్వరూ మాట అందించలేదు.